బ్యాటరీ మార్చడమే కదా అన్నారు

నా గుండెకు తోడుగా ఛాతీలో పెట్టిన పేస్‌మేకర్ బ్యాటరీ అయిపోవచ్చిందని డాక్టరు చెప్పారు. ఆస్పత్రి గేటు దాటకముందే మా ఆయన ఆ సంగతి ఫోనులో ముగ్గురికి చెప్పేశారు. నాలుగో మనిషి షేర్ ఆటో డ్రైవరు. హిందీ మాట్లాడే మా కార్ఖానా ఊళ్ళో, బిష్టుపూర్ నుంచి సాక్చీ వైపు వెళ్ళే ఆ ఆటోలో మాతోపాటు ఇంకో ఇద్దరున్నారు.

“బ్యాటరీ బదల్నా హై, బస్. గాడీ మే జైసే బదల్తే హై,” అన్నారు మా ఆయన, బొటనవేలితో నన్ను చూపిస్తూ.

డ్రైవరు అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. పక్కనున్న ముసలాయన ఏ కంపెనీది వేయిస్తున్నారని అడిగాడు. ఆ చివర కూర్చున్నావిడ తన మేనత్తకు కూడా ఇదే పెట్టారని, ఒకరోజు మిక్సీ వేస్తూ వేస్తూ పోయిందని చెప్పింది. మిక్సీ వల్ల పోయిందా, మిక్సీ వేస్తున్నప్పుడు పోయిందా అని అడగబోయి ఊరుకున్నాను. మేం దిగేసరికి నా గుండె మీద వాళ్ళకి నాకంటే ఎక్కువ హక్కు వచ్చేసింది.

నేను కాసిడీహ్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. పదేళ్ళ కిందట బోర్డు మీద లెక్క వేస్తూ వేస్తూ పడిపోయాను. గుండె పైగదుల నుంచి కిందిగదులకు అందాల్సిన సంకేతం సరిగా అందడం లేదని తేల్చి, ఎడమ కాలర్ ఎముక కింద, చర్మం లోపల, ఈ చిన్న పెట్టెను పెట్టారు. దాని నుంచి రెండు తీగలు రక్తనాళం గుండా గుండెలోకి వెళతాయి. తరవాత దాన్ని మర్చిపోయాననే చెప్పాలి. అప్పుడప్పుడూ వెళ్ళి చూపించుకోవడం, వాళ్ళు ఛాతీ మీద ఒక పరికరం ఆనించి కంప్యూటర్‌లో ఏవో గీతలు చూడటం, “సబ్ ఠీక్” అనడం, మేం వచ్చేయడం. అంతే.

ఈసారి మాత్రం కొన్ని వారాలుగా బడిలో మేడమెట్లు ఎక్కలేకపోతున్నాను. సగంలో ఆగి, చేతిలో ఉన్న పిల్లల నోటు పుస్తకాలు సర్దుకుంటున్నట్టు నటించేదాన్ని. ఇంట్లో చెబితే మా ఆయన కొట్టిపారేశారు.

“మెట్లెక్కితే ఎవులికి ఆయాసం రాదే? నాకూ వత్తాది. వయసు.”

వయసు కాదు. డాక్టరు చెప్పినదాన్ని బట్టి, బ్యాటరీ ఒక స్థాయికి దిగగానే ఆ యంత్రం మార్చమని తనంతట తానే గుర్తు చూపిస్తుంది. మిగిలిన శక్తిని పొదుపు చేసుకోవడానికి పని తగ్గించుకుంటుంది. మెట్లెక్కితే గుండె వేగం పెరగాలి కదా, అది పెరగడం మానేసింది. అందుకే ఆయాసం. “ఒక్కసారిగా ఆగిపోదు, కొన్ని నెలల వ్యవధి ఉంటుంది, అలాగని వాయిదా వేస్తూ కూర్చోకండి” అన్నారాయన.

నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. అడగడానికి మా ఆయన సందివ్వలేదు. ఆయన కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరయ్యారు. కరెంటుతో నడిచే ప్రతిదాని గురించీ తనకు తెలుసని ఆయన నమ్మకం.

“సాబ్, పూరా డబ్బా క్యోం? మూత తీసి సెల్లొకటి మారిస్తే సరిపోదా?”

బ్యాటరీ ఆ డబ్బాలోనే కలిసిపోయి ఉంటుందని, మూత అనేది లేదని, అందుకే మొత్తం పెట్టెనే మారుస్తారని, తీగలు మాత్రం పరీక్షించి బాగుంటే అలాగే ఉంచేస్తారని డాక్టరు ఓపిగ్గా చెప్పారు. అయినా ఆయన వదల్లేదు. వారంటీ అడిగారు. ఛార్జింగ్ పెట్టుకునే రకం రాలేదా అని అడిగారు. బయట రోగులు కిక్కిరిసి ఉన్నారు. నర్సు తలుపు తీసి రెండుసార్లు లోపలికి తొంగిచూసింది. నా ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది.

పాత పెట్టె తీసేశాక, కొత్తది బిగించేలోపు, నా గుండెను ఎవరు కొట్టిస్తారు? అదీ ప్రశ్న.

మర్నాడు జుగ్సలాయి నుంచి మా వదిన దిగింది. మా ఆయనకు పెద్దక్క. గోదాముల మధ్య ఇరుకు సందులో కాపురం. గొంతు మాత్రం ఆ సందులో పట్టదు.

“ఓలమ్మా! అమావాస్య ముంగిట కత్తి పెట్టించుకుంతావేటే? పౌర్ణమెల్లాక సేయించుకుంతే ఏటయిపోద్ది?”

“బువా, డేట్ డాక్టర్ దేతా హై, పండిత్ నహీ,” అంది మా అమ్మాయి మేనత్తతో, ఫోనులోంచి తలెత్తకుండా. మా అమ్మాయి బిష్టుపూర్‌లో బ్యాంకు ఉద్యోగి. మేం తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిస్తుంది. ఆ వారమంతా సాయంత్రం ఇంటికి రాగానే ఫోను తీసి, ఈ ఆపరేషన్లో ఏమేం జరగొచ్చో చదివి వినిపించేది. చీము పట్టొచ్చు, రక్తం గూడుకట్టొచ్చు, పాత తీగ దెబ్బతినొచ్చు. ఒక్కోటి చదివి, “మమ్మీ, డరో మత్, బహుత్ కమ్ హోతా హై,” అనేది. చదవడం ఎందుకు, భయపడొద్దనడం ఎందుకు?

ఏమీ కాదనే మనిషి ఒకరు, ఇప్పుడు వద్దనే మనిషి ఒకరు, ఏమైనా కావచ్చనే మనిషి ఒకరు. నీకేమనిపిస్తోందని అడిగినవాళ్ళు లేరు. అడిగినా, విసుగ్గా ఉందని తప్ప ఇంకేం చెప్పేదాన్నో.

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. ముందురోజు రాత్రి భోజనం తరవాత ఏమీ తినొద్దన్నారు. పొద్దున బీపీ మాత్ర మాత్రం ఒక్క గుక్క నీళ్ళతో వేసుకోమన్నారు. ఆ గుక్క మీద కూడా మా ఇంట్లో పెద్ద గొడవ. “నీళ్ళు కూడా ముట్టొద్దన్నారు, నేనిన్నాను,” అంటారు మా ఆయన. డాక్టరే చెప్పారని నేను. చివరికి అమ్మాయి ఆస్పత్రికి ఫోన్ చేసి, “ఏక్ ఘూంట్ పీ సక్తే హై, పాపా,” అన్నాకే గ్లాసు నా చేతికొచ్చింది.

ఆస్పత్రిలో వదిన అప్పటికే వచ్చి కూర్చుంది, ఒళ్ళో ఉప్మా డబ్బాతో. నాకు తినే వీల్లేదు కాబట్టి ఆ డబ్బా ఆయనకే. “తినండి, మీకు షుగరుంది,” అన్నాను. “తింతానులే, ముందు నువ్వెల్లు,” అన్నారు. ఆయన ముఖం పాలిపోయి ఉందని గమనించాను. రాత్రి నిద్ర పట్టక కాబోలు అనుకున్నాను.

లోపల చల్లగా ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి, ఒంటికి తీగలు అంటించారు. ఎడమవైపు ఛాతీ మీద చల్లటి మందు పూసి తుడిచారు. తల కుడివైపు తిప్పమన్నారు. తరవాత పచ్చటి గుడ్డ కప్పేశారు. ముఖం దగ్గర చిన్న డేరాలా ఒక సందు మిగిలింది. అందులోంచి నాకు నర్సు నడుమూ, గోడ మీద గడియారమూ కనబడుతున్నాయి. పూర్తి మత్తు ఇవ్వరు. కాస్త మగతగా ఉండే మందిచ్చి, కోసే చోట తిమ్మిరెక్కిస్తారు. ఆ తిమ్మిరి ఇంజెక్షన్ మాత్రం నిప్పు పెట్టినట్టు మండింది. అది చెప్పినవాళ్ళు లేరు. మా అమ్మాయి ఫోనులో కూడా లేదు కాబోలు.

మా ఆయన లేరు కాబట్టి, అక్కడ అడిగాను.

“డాక్టర్ సాబ్, పాతది తీసి కొత్తది పెట్టేలోపు ఏమవుతుంది?”

గుడ్డ అవతల ఏదో ట్రేలో పెట్టిన చప్పుడైంది. తరవాత ఆయన బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆ సందులోంచి నా ముఖం చూసి చెప్పారు. నా గుండె సాయం లేకుండా తనంతట తాను ఎంత కొట్టుకోగలదో పొద్దున పరీక్షలో చూశారట. నెమ్మదే కానీ కొట్టుకుంటోందట. కొందరికి అదీ ఉండదు, వాళ్ళకు ముందే తాత్కాలికంగా ఇంకో తీగ వేస్తారట. నా విషయంలో తీగలను పాతదాని నుంచి లాగి కొత్తదాంట్లో బిగించడానికి కొన్ని క్షణాలు చాలట. “తల తేలికైనట్టు అనిపించొచ్చు. అనిపిస్తే చెప్పండి. నేనూ ముందే చెబుతాను,” అన్నారు.

అంతే. రెండు నిమిషాల మాట. ఆ మాట కోసం వారం రోజులు గొంతులో ముల్లు పెట్టుకుని తిరిగాను.

పాత గాటు మీదే కోశారు. నొప్పి లేదు. కానీ తెలుస్తుంది. ఒత్తుతారు, లాగుతారు, ఎవరో నా చర్మం జేబులో చెయ్యి పెట్టి తాళంచెవులు వెతుకుతున్నట్టుంటుంది. ఇన్నేళ్ళలో ఆ పెట్టె చుట్టూ కండ పొరలా అల్లుకుపోయిందట, దాన్ని విడదీయడానికే ఎక్కువసేపు పట్టింది. ఈలోగా డాక్టరూ నర్సూ మానగో వంతెన మీద ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నారు. పొద్దున ఆవిడ ఎంతసేపు ఇరుక్కుందో చెబుతోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. మనిషి గుండె విప్పి పెట్టుకుని ట్రాఫిక్ ఏమిటి? మళ్ళీ, వాళ్ళు మాట్లాడుకుంటున్నారంటే కంగారు పడాల్సిందేమీ లేదన్నమాటే కదా అని కూడా అనిపించింది. ఉన్నట్టుండి వాళ్ళు ఊరుకున్నారు. అప్పుడు మాత్రం ట్రాఫిక్ గురించే మాట్లాడితే బాగుండుననుకున్నాను.

“అబ్ బదల్ రహే హై, మేడమ్,” అని డాక్టరు అన్నమాట ప్రకారం ముందే చెప్పారు.

ఎక్కడో దిగువన ఒక్కసారి ఖాళీ అయినట్టయింది. రంగులరాట్నం పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో అయ్యే జారుడు. మానిటర్ మోత దూరమైంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం సాగింది. ఆ ఎడంలో నాకు దేవుడూ గుర్తు రాలేదు, పిల్లా గుర్తు రాలేదు. గ్యాస్ స్టవ్ కట్టేశానా లేదా అని గుర్తొచ్చింది. అంతలోనే మోత గబగబా సర్దుకుని దగ్గరికొచ్చేసింది.

“హో గయా,” అన్నారు డాక్టరు.

తీగలు రెండూ బాగున్నాయని చెప్పారు. కుట్లు వేస్తుండగా పాతది చూస్తానని అడిగాను. నర్సు ట్రేలో పెట్టి ఆ సందు దగ్గరికి తెచ్చింది. అగ్గిపెట్టె అంత కూడా లేదు. అంచులు గుండ్రంగా, వెండి రంగులో ఉంది. పదేళ్ళు నన్ను నిలబెట్టిన వస్తువు అదేనంటే నమ్మబుద్ధి కాలేదు. దండం పెడదామంటే చేతులు కట్టేసి ఉన్నాయి.

స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. తలుపులు తెరుచుకున్నాయి. బయట ఎవరూ లేరు.

నేను పొరబడ్డాననుకున్నాను. బెంచీ మీద వదిన చేతిసంచీ ఉంది. మా అమ్మాయి నీళ్ళసీసా ఉంది. మనుషులు లేరు. స్ట్రెచర్ తోసేవాడు నడవా అంతా వినబడేలా, “పేషెంట్ కే సాథ్ కౌన్ హై?” అని అరిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అరిచాడు. ఇంకెవరి తాలూకో మనుషులు జాలిగా నన్ను చూశారు.

“ఉన్నారు బాబూ, ముగ్గురున్నారు,” అన్నాను. నా మాట నాకే అబద్ధంలా వినబడింది.

వార్డులో మంచం మీదకు మార్చాక కూడా ఎవరూ రాలేదు. ఛాతీ మీద దళసరి కట్టు. తిమ్మిరి దిగుతూ సలుపు మొదలైంది. నా ఫోను అమ్మాయి దగ్గర. క్యాంటీన్లో టీ తాగుతున్నారనుకున్నాను. తరవాత, వదిన ఎవరితోనో దెబ్బలాట పెట్టుకుందనుకున్నాను. కోపం పైకి ఎగదన్నుతుంటే, కొత్త పెట్టె దానికి తగ్గట్టు పని చేస్తోందో లేదో చూస్తున్నట్టు, కట్టు మీద అరచెయ్యి ఆనించి పడుకున్నాను.

చివరికి అమ్మాయి పరుగున వచ్చింది. ఏడ్చిన కళ్ళు. నన్ను చూసి ఇంకా ఏడ్చింది.

“మమ్మీ, పాపా గిర్ గయే!”

లేవబోయాను. నర్సు భుజం పట్టి ఆపింది. అమ్మాయి తెలుగూ హిందీ కలగలిపి చెప్పింది. నన్ను లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికి ఆయనకు చెమటలు పట్టాయట. చేతులు వణికాయట. “ఏం లేదు, ఫ్యాన్ లేదిక్కడ,” అంటూనే బెంచీ మీద నుంచి పక్కకు ఒరిగి కింద పడిపోయారట. వదిన పెట్టిన కేకకు ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చారట. కింద ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి చూస్తే ఒంట్లో చక్కెర బొత్తిగా పడిపోయింది. ఇప్పుడు గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు, మాట్లాడుతున్నారు, పర్వాలేదన్నారు.

“ఉప్మా తినలేదా?”

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. “కల్ రాత్ సే కుఛ్ నహీ ఖాయా. గోలీ ఖా లీ.”

రాత్రి నుంచి ఏమీ తినలేదు. షుగరు మాత్ర మాత్రం వేసుకున్నారు.

పొద్దు వాలకముందే ఆయన్ని చక్రాల కుర్చీలో నా మంచం దగ్గరికి తెచ్చారు. ముంజేతికి దూది, దాని మీద ప్లాస్టర్. వెనక వదిన. ఉప్మా డబ్బా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఆయన నా కట్టు వంక చూశారు, నా ముఖం వంక చూడలేదు.

“ఏటండీ ఇది?” అన్నాను.

“ఏటీ లేదు. కాసింత కళ్ళు తిరిగాయి.”

“ఎందుకు తినలేదు?”

“నీకు పస్తు పెట్టి నేనెలాగ తింతానే? గొంతు దిగలేదు.”

“ముద్ద దిగలేదు. మాత్ర ఎలా దిగిందండీ?”

వదిన ముక్కు చీది, “అదేటే అలాగంతావు? నీకోసమే కదేటి ఆడు పస్తున్నాడు,” అంది.

నాకోసం! ఛాతీ కోయించుకుని వచ్చి నేను ఒక్కదాన్నే పడున్నాను, నాకోసం! అరవాలని ఉంది, అరిస్తే కుట్లు లాగుతున్నాయి. అప్పుడే ఆయన చెయ్యి మంచం అంచును పట్టుకోబోయి రెండుసార్లు తప్పడం కనబడింది. క్రేన్ మీటల మీద ముప్పయ్యేళ్ళు నిలకడగా ఉన్న చెయ్యి అది. బండి బ్యాటరీ లాంటిదేనని ఊరంతా చెప్పుకుని తిరిగిన మనిషి, పదేళ్ళ కిందట నేను బడిలో పడిపోయానని కబురొచ్చినప్పుడు షిఫ్టు మధ్యలో ఎలా పరుగెత్తుకొచ్చారో నాకు తెలియదు. నేను స్పృహలో లేను. చూసింది ఆయన. నాకు ఆ రోజు లేదు, ఆయనకు ఉంది. ఇది ఆలోచిస్తే కోపం కాస్త తగ్గాలి. నిజం చెప్పాలంటే పెద్దగా తగ్గలేదు.

“బిస్కెట్ తినండి,” అన్నాను. నా ఎదురుగానే తినిపించాను.

మర్నాడు ఇద్దరినీ కలిపే ఇంటికి పంపారు. ఆయన మాత్రల మోతాదు తగ్గించారు. నాకు చెప్పిన జాగ్రత్తలు తేలికే. కట్టు తడవనివ్వొద్దు. ఎరుపెక్కినా, వాచినా, చీము కారినా, జ్వరమొచ్చినా వెంటనే రావాలి. కొన్నాళ్ళు ఎడమచేత్తో బరువులెత్తొద్దు. కానీ చెయ్యి మామూలుగా కదుపుతూ ఉండాలి, తీగలు పాతవే కాబట్టి భయం లేదు, కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. ఫోను అటువైపు జేబులో పెట్టుకోకుండా కుడిచెవికి ఆనించుకుంటే చాలు. మిక్సీ నిక్షేపంగా వేసుకోవచ్చు. ఆటోలో ఆవిడ కోసం ప్రత్యేకంగా అడిగి మరీ తెలుసుకున్నాను.

ఇంటికి రాగానే వదిన నా ఎడమచేతిని తువ్వాలుతో మెడకు కట్టేసింది. విప్పాను. మళ్ళీ కట్టింది. “కదిపితే తీగలూడొత్తాయే,” అంటుంది. ఆవిడ ఉన్న రెండు రోజులూ అదే తంతు. మూడో రోజుకు భుజం నిజంగానే పట్టేసింది. ఆవిడ వెళ్ళాక గోడ మీద వేళ్ళు పాకిస్తూ దాన్ని సడలించుకోవలసి వచ్చింది. కట్టు చుట్టూ చర్మం నల్లగా, తరవాత పచ్చగా మారింది. అమ్మాయి భయపడి ఫొటోలు తీసి ఆస్పత్రికి పంపింది. కమిలిన రక్తమే, వాపు పెరగడం లేదు కాబట్టి దానంతటదే పోతుందన్నారు. పోయింది.

పలకరించడానికి జనం రావడం మొదలైంది. కార్ఖానా పాత స్నేహితులు, వీధిలోవాళ్ళు, బడిలో టీచర్లు. వచ్చినవాళ్ళు నా వంక ఒకసారి చూసి, “బ్యాటరీ మార్చారట కదా, అయిపోయిందా, మంచిది,” అని, కుర్చీ ఆయన వైపు జరుపుకునేవారు. ఆస్పత్రిలో పడిపోవడమంటే అదీ వినదగ్గ కథ. ఆయన చెబుతూ చెబుతూ ఉంటే కథ పెరిగింది. మొదట్లో పక్కకు ఒరిగిన మనిషి, వారం తిరిగేసరికి నడవా మధ్యలో దబ్బున పడ్డారు.

“ఇతను మరి ఒంటరిగా బయటికెల్లకూడదు,” అన్నాడు ఆయన పాత స్నేహితుడొకాయన, నాతో. “కాస్త సూసుకోమ్మా. టీ పెడతావేటి?”

“ఎడమచేత్తో గిన్నె ఎత్తకూడదన్నారన్నయ్యా,” అన్నాను. ఎత్తొచ్చు. టీ గిన్నె అంత బరువేం కాదు. అయినా అన్నాను.

మా ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. పంచదార డబ్బా ఎక్కడుందని అక్కడి నుంచి అడిగారు. ముప్పయ్యేళ్ళుగా ఒకే చోట ఉన్న డబ్బా. చెప్పాను. టీపొడి ఏదని అడిగారు. అదీ చెప్పాను. పాలు పొంగిన వాసన వచ్చాక ఇంకేమీ అడగలేదు.